ఫ్లోరెన్స్, బొలోన్యా: చర్చి నేల మీద సూర్యుడి కోసం మూడు నాలుగు రోజులు

ఫ్లోరెన్స్ వెళ్లే మనవాళ్లు చాలామంది మొదటి రోజే ఉఫిజీ గ్యాలరీకి పరిగెడతారు. 15–17 శతాబ్దాల్లో కళ, మతం, విజ్ఞానం ఎలా మారాయో చూడాలనుకునేవాళ్లు ఉఫిజీని మూడో రోజుకి జరిపి, రైల్వే స్టేషన్ ఎదుటి సాంతా మరియా నొవెల్లా చర్చితో మొదలుపెట్టాలి. ఆ మూడింటి చరిత్రా ఒకే కప్పు కింద ఇంత స్పష్టంగా మరెక్కడా దొరకదు.

లోపల మసాచో అనే చిత్రకారుడు 1425–27 ప్రాంతంలో వేసిన 'త్రిత్వం' (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) కుడ్యచిత్రం ఉంది. ముందు ఆరేడు మీటర్ల దూరంలో ఆగండి. చిత్రంలోని కప్పు గీతలన్నీ శిలువ పాదం దగ్గర, మన కంటి ఎత్తులో, ఒక్క బిందువుకి చేరతాయి. గోడ వెనక నిజంగా ఇంకో గది ఉన్నట్టు తోచేది అందుకే. ఆ తర్వాత దగ్గరికి వెళ్తే, తడి గచ్చు మీద గీసుకున్న కొలత గీతలు కనిపిస్తాయి. దేవుణ్ణి చూపించడానికి జ్యామితి వాడిన తొలి గొప్ప చిత్రాల్లో ఇదొకటి. చర్చి మధ్యలో ఏ అడ్డూ లేకుండా బలిపీఠం దాకా చూపు సాగడం కూడా గమనించండి. ఒకప్పుడు సన్యాసుల భాగానికీ జనానికీ మధ్య అడ్డుగోడ ఉండేది. క్యాథలిక్ చర్చి సంస్కరణల కోసం జరిగిన ట్రెంట్ మహాసభ (1545–63) తెచ్చిన మార్పుల ఊపులో 1560ల్లో దాన్ని తీసేశారు. 1570లో వసారి అనే వాస్తుశిల్పి కట్టిన రాతి బలిపీఠం వెనక మసాచో చిత్రం మూడు శతాబ్దాలకు దగ్గరగా దాగిపోయింది, అందువల్లే మిగిలింది కూడా.

బయటికొచ్చి ముఖద్వారం గోడ చూడండి, దీనికి టికెట్ అక్కర్లేదు. ఒక పాలరాతి కొలత ఫలకం (1572), కంచు వలయాల పరికరం (1574) ఉంటాయి. సూర్యుణ్ణి కొలిచి విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) ఎప్పుడో తేల్చడానికి ఎగ్నాజియో దాంతి అనే డొమినికన్ సన్యాసి పెట్టించినవి. ఈస్టర్ తేదీ మార్చి విషువత్తు మీద ఆధారపడుతుంది. పాత క్యాలెండర్‌లో ఆ విషువత్తు మార్చి 21 నుంచి 11కి జారిపోయింది. మన పంచాంగకర్తలకి తిథి ఎంతో వాళ్లకి అది అంత. అందుకే 1582లో పోప్ గ్రెగొరీ పది రోజులు ఎగరగొట్టి, అక్టోబర్ 4 మర్నాడు 15 అన్నారు. ఇదే చర్చిలో 1614 డిసెంబర్‌లో తొమ్మాసో కచ్చీని అనే సన్యాసి, భూమి తిరుగుతుందన్న గెలీలియోకి వ్యతిరేకంగా ప్రసంగం చేశాడు. ఈ రెండూ తెలిసి నిలబడితేనే ఈ చోటు విలువ తెలుస్తుంది.

రెండో రోజు గెలీలియో మ్యూజియం. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గెలీలియో చేసిన రెండు దూరదర్శినులు, దంతపు చట్రంలో అమర్చిన ఆయన పగిలిన కటకం, ఆయన చేతివేళ్లు ఉన్నాయి. వేళ్ల దగ్గర గుంపు ఎక్కువ, కటకం దగ్గర తక్కువ. మీరు కటకం దగ్గరే ఆగండి. 1610 జనవరిలో గురుగ్రహ చంద్రుల్ని చూసింది దాంతోనే. ఆయన చిత్రలేఖనం తెలిసినవాడు, 1613లో ఇక్కడి చిత్రకారుల అకాడమీలో సభ్యుడు. చంద్రుడి మీది నీడల్ని కొండలుగా పోల్చుకోవడానికి ఆ చెయ్యి తిరిగిన చూపు పనికొచ్చిందని గట్టిగా చెప్పొచ్చు.

అక్కణ్ణుంచి సాంతా క్రోచే చర్చి నడక దూరమే. మైకెలాంజిలో సమాధికి ఎదురుగా గెలీలియో సమాధి. 1642లో పోయిన ఆయన్ని ముందు పక్క గదిలో పూడ్చి, 1737లో గానీ ఇక్కడికి తేలేదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, సందర్శకులకి మధ్యాహ్నం నుంచే.

బ్రూనెల్లెస్కీ కట్టిన కేథడ్రల్ గోపురం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. నిర్ణయించిన సమయం తప్పితే టికెట్ పోయినట్టే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పంపకండి. కేథడ్రల్ లోపలికి వెళ్లడం ఉచితం. ప్రవేశద్వారం పైన 1443లో ఉచ్చెల్లో అనే చిత్రకారుడు చిత్రించిన 24 గంటల గడియారం అపసవ్య దిశలో తిరుగుతుంది, గంటల్ని సూర్యాస్తమయం నుంచి లెక్కపెడుతుంది.

బసకి స్టేషన్ చుట్టుపక్కలే అనువు. విమానాశ్రయం నుంచి ట్రామ్ నేరుగా వస్తుంది. పాత భవనాల్లో లిఫ్ట్ ఉందా అని బుక్ చేసేముందే అడగండి, 'మొదటి అంతస్తు' అంటే మెట్లు చాలా ఉంటాయి. కాన్వెంట్ (సన్యాసినుల మఠం) గదులు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటాయి కానీ చాలాచోట్ల రాత్రి పదకొండు ప్రాంతంలో తలుపు వేస్తారు. మనిషికి, రాత్రికి ఇంత అని నగర పన్ను విడిగా కట్టాలి. శాకాహారులు రిబొల్లీతా (రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర కలిపిన పులుసు) తినొచ్చు, కానీ అందులో మాంసం ఉడికించిన నీళ్లు పోశారా అని అడిగి తీరాలి. ఉఫిజీ సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ఉచితమే గానీ క్యూలోనే పొద్దు పోతుంది.

చివరి రోజు బొలోన్యాకి కేటాయించండి, వేగపు రైల్లో నలభై నిమిషాలలోపే. సాన్ పెత్రోనియో చర్చి ఎడమ భాగంలో 1655లో కస్సీనీ అనే ఖగోళ శాస్త్రవేత్త గీసిన మధ్యాహ్న రేఖ (సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు బింబం దాటే ఉత్తర దక్షిణ గీత) ఉంది, స్తంభాలకి తగలకుండా సందులోంచి సాగే 66.8 మీటర్ల గీత. కప్పులో 27.07 మీటర్ల ఎత్తున ఉన్న 27 మిల్లీమీటర్ల రంధ్రం గుండా సూర్యబింబం నేల మీద పడుతుంది. జూన్‌లో రంధ్రానికి దగ్గరగా అడుగు మేర బిళ్ల, డిసెంబర్‌లో గీత చివర్లో మీటరున్నరకి పైగా సాగిన కోడిగుడ్డు. బింబం సైజు ఎంత మారుతోందో కొలిచి, సూర్యుడి వేగంలో కనిపించే మార్పులో సగమే దూరం వల్ల, మిగతా సగం నిజమైన వేగమేనని కస్సీనీ తేల్చాడు. గ్రహాల వేగం నిజంగానే మారుతుందన్న కెప్లర్ లెక్కకి అది బలం. భూమి తిరుగుతుందా అనే ప్రశ్నని ముట్టకుండానే, గెలీలియోకి శిక్ష పడిన 22 ఏళ్లకే, చర్చి నేల మీదే జరిగిన పని ఇది.

గడియారంలో పన్నెండుకి వెళ్తే బింబం రేఖ మీద ఉండదు. వేసవి సమయం నడిచే నెలల్లో ఒంటిగంటకి అటూ ఇటూ మొదలుకొని 1:21 దాకా, చలికాలంలో 11:58 నుంచి 12:29 మధ్య, తేదీని బట్టి మారుతుంది. బింబం గీత దాటడానికి పట్టేది రెండు నిమిషాల పైచిలుకే, కాబట్టి పావుగంట ముందే చేరండి. మధ్యాహ్నం తలుపులు మూసే రోజులుంటాయి, ఉదయమే గుమ్మం దగ్గర అడిగి ఉంచుకోండి. మబ్బు పడితే ఆ రోజుకి పోయినట్టే. వీలుంటే బొలోన్యాలో ఒక రాత్రి ఉండండి, వాణిజ్య ప్రదర్శనలు లేని వారాల్లో గదులు సాధారణంగా ఫ్లోరెన్స్ కంటే చవక.