బోరు నీళ్ల ఇంట్లో బాత్‌టబ్: యాక్రిలిక్కా, ఇనుమా, రాయా?

హైదరాబాద్ నిజాంపేటలో మా అక్కవాళ్లు ఫ్లాట్ కొన్నారు. ఐదో అంతస్తు. మాస్టర్ బెడ్‌రూమ్ బాత్‌రూమ్ కాస్త విశాలంగా ఉండేసరికి బావకు పాత కోరిక మళ్లీ లేచింది: బాత్‌టబ్. నడుం నొప్పికి వేడినీళ్లలో పడుకుంటే హాయిగా ఉంటుందని ఆయన వాదన. బట్టలు నానబెట్టుకోవడానికి పనికొస్తుందిలే అని అక్క ఒప్పుకుంది. రెండు శనివారాలు ట్రూప్ బజార్, రాణిగంజ్ తిరిగాం. ఏ రంగు, ఏ షేపు అని ప్రతి షాపులోనూ అడిగారు. మీ ఇంట్లో ఏ నీళ్లు వస్తాయని ఒక్కరూ అడగలేదు.

ఆ మాట అడిగింది ప్లంబరే. "అన్నా, మంజీరా నీళ్లా, బోరా?" మంజీరా అంటే నగరంలో కుళాయికి వచ్చే సర్కారు నీళ్లు. రెండూ కలిపి సంపులోకి వస్తాయి, ఎండాకాలం ట్యాంకరు కూడా అని చెప్పాం. "అయితే టబ్ కంటే ముందు యాసిడ్ సీసా సంగతి చూసుకోండి" అన్నాడు.

నిజమే. మా అక్క ఇంట్లో షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి, నీళ్లు పక్కకి చిమ్ముతాయి. కుళాయి మెడ చుట్టూ తెల్లటి గార. తాగే నీటికి గట్టిదనం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకోవచ్చని మన ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. శివారు బోర్లలో నీళ్లు ఎంత గట్టివో బకెట్ అడుగు చూస్తేనే తెలుస్తుంది. ఆ గార వదలడానికి పనమ్మాయి నెలకోసారి యాసిడ్ పోసి కొబ్బరిపీచుతో రుద్దుతుంది. కాబట్టి ఈ నీళ్లకీ, ఆ రుద్దుడికీ ఏది తట్టుకుంటుందో చూసి టబ్ ఎంచుకోవాలి.

ముందుగా రాయి. షోరూమ్‌లో పాలరాయి టబ్ చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ గారలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, పాలరాయిలో ఉండేదీ అదే. గారను కరిగించే యాసిడ్ టబ్‌నీ కరిగిస్తుంది. నిమ్మకాయ చెక్క రుద్దినా మెరుపు పోతుంది. ఇక మేస్త్రి చేత ఇటుకతో కట్టించి గ్రానైట్ పరిపించుకునేది ఇంకోటి. గ్రానైట్ యాసిడ్‌కి చాలావరకు ఆగుతుంది, సందుల్లో నింపిన సిమెంటు ఆగదు. అది తినేస్తే నీళ్లు కిందికి దిగుతాయి, నాలుగో అంతస్తువాళ్లు పైకి వస్తారు. పైగా ఖాళీ టబ్బే నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. ఫ్లాట్‌లో వద్దు. సొంత ఇల్లయి, కింద నేలే ఉంటే కట్టించుకోవచ్చు. మే నెల మధ్యాహ్నం చల్లటి గ్రానైట్‌లో కూర్చోవడం కూడా ఒక సుఖమే.

బావ మనసు మాత్రం పోత ఇనుము టబ్ మీద పడింది. నాలుగు కాళ్లది, లోపల తెల్ల ఎనామిల్, అంటే గాజులాంటి పూత. వేలితో కొడితే గుడి గంటలా ఖంగుమంది. "ఇది నా మనవడు కూడా వాడతాడు" అన్నాడు. వాడతాడేమో, కానీ లెక్క వేద్దాం. టబ్ 140 కిలోలు, నీళ్లు 150 లీటర్లు, బావ 80. మొత్తం 370 కిలోలు గది మూలన చదరపు మీటరు పైచిలుకు చోటులో కూర్చుంటాయి. ఇళ్లలో బాత్‌రూమ్ శ్లాబ్‌కి చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. అంతమాత్రాన శ్లాబ్ కూలిపోదు, మిగతా గది ఖాళీగానే ఉంటుంది కదా. కానీ సంకెన్ శ్లాబ్‌లో, అంటే పైపుల కోసం కాస్త కిందికి దించి వేసిన శ్లాబ్‌లో, అప్పటికే ఇటుక ముక్కలు నింపి ఉంటారు. బిల్డింగ్ గీసిన ఇంజినీరుని అడగకుండా ఇనుప టబ్ ఎక్కించకూడదు.

ఇనుము వేడిని పట్టి ఉంచుతుందన్నది షాపువాళ్ల పెద్ద పాయింట్. సగం నిజం. చల్లగా ఉన్న ఇనుము ముందు తనే వేడెక్కాలి. 22 డిగ్రీల దగ్గరున్న టబ్‌లో 40 డిగ్రీల నీళ్లు పోస్తే దాదాపు రెండు డిగ్రీలు ఇనుమే తాగేస్తుంది. ఆ తర్వాత వేడి ఎక్కువగా పోయేది నీటి పైభాగం నుంచి ఆవిరిగా, ఆ దారి ఏ టబ్‌కైనా ఒకటే. ఇరవై నిమిషాలు పడుకుని లేచేవాళ్లకి ఇనుముతో ఒరిగేది తక్కువ.

గీజర్ సంగతి ఎవరూ చెప్పరు. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 65 డిగ్రీలకు కాగితే, చలికాలపు ట్యాంకు నీళ్లు కలిపాక చేతికొచ్చేది 60 లీటర్లే. టబ్ నిండాలంటే రెండున్నర గీజర్లు కాగాలి. రెండు కిలోవాట్ల గీజర్ ఒక్కోసారి కాగడానికి సుమారు నలభై నిమిషాలు. ఈలోగా ముందు పోసినవి చల్లారిపోతాయి. టబ్ కొనేవాళ్లు పెద్ద గీజరో, సోలారో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎనామిల్ పూసిన ఉక్కు రేకు టబ్ గురించి ఎక్కువ చెప్పను. ఇనుము కంటే తేలిక, చవక. స్టీలు చెంబు జారిపడి ఎనామిల్ పెచ్చు లేచిందా, అక్కడి నుంచి తుప్పు మొదలు. పిల్లలున్న ఇంటికి వద్దు.

మిగిలింది యాక్రిలిక్, ఒక రకం గట్టి ప్లాస్టిక్. 30 కిలోల చిల్లర బరువు, ఇద్దరు కూలీలు మెట్ల మీదుగా ఎక్కించేస్తారు. తాకితే చల్లగా ఉండదు, కాబట్టి పోసిన వేడి నీళ్లకే దక్కుతుంది. గీత పడితే సన్నటి నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది పాలిష్ పెడితే పోతుంది, ఎందుకంటే రంగు షీటు మందమంతా ఉంటుంది. దీనికీ యాసిడ్, పీచు, నెయిల్ పాలిష్ రిమూవర్ పడవు. వాడిన ప్రతిసారీ గుడ్డతో తుడిచేస్తే గార పట్టే అవకాశమే తక్కువ, పట్టినా నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి వెంటనే కడిగేస్తే చాలు.

అయితే ఇక్కడే మోసం కూడా ఉంది. ఒక షాపులో యాక్రిలిక్ అని చూపించిన టబ్ మాకు చవగ్గా అనిపించింది. ఓవర్‌ఫ్లో కోసం వేసిన రంధ్రం అంచుని గోరుతో గీకి చూశాను. పైన కాగితమంత తెల్ల పొర, కింద అంతా గరుకు ఫైబర్. అది మామూలు ఎఫ్‌ఆర్‌పీ, అంటే గాజు పీచు కలిపిన ప్లాస్టిక్, పైపూత మాత్రమే తెలుపు. ఆ పూత అరిగితే గార కరుచుకుపోతుంది. అసలు యాక్రిలిక్ అయితే అదే అంచులో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ఒకే రంగు షీటు కనిపిస్తుంది. ఇంకో పరీక్ష, సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి కొట్టించి లోపల చూడటం. వెలుగు మచ్చలు మచ్చలుగా వస్తే అక్కడ పల్చగా ఉన్నట్టు. చెప్పులు విప్పి, లోపల నిలబడి మడమతో నొక్కి చూడండి. అడుగు కిర్రుమంటే వదిలేయండి. షాపతను విసుక్కున్నాడు, బావ మాత్రం రెండు నిమిషాలు హాయిగా పడుకుని కూడా చూశాడు.

చివరికి ఐదడుగుల యాక్రిలిక్ టబ్ ఖాయం చేశాం. టబ్ ముందువైపు కట్టే గోడకి అడుగున్నర తలుపు పెట్టమని మేస్త్రికి చెప్పాం, నీళ్లు బయటికి పోయే ట్రాప్ దగ్గర లీకైతే టైల్స్ పగలగొట్టకుండా చెయ్యి పెట్టడానికి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు బిల్లు మీద "యాక్రిలిక్" అన్న మాట, పక్కనే షీటు ఎన్ని మిల్లీమీటర్లో అంకె రాయించుకున్నాం. మొదట ఉత్త "టబ్, తెలుపు" అనే రాశాడు.