పీచ్ పండు గట్టిదనం: కరగని కండా, స్టోనీ హార్డా?

మామూలు పీచ్ కోశాక నాలుగు రోజులు ఆగడం కష్టం. పండే వేళ కాయను పండించే హార్మోన్ వాయువు ఎథిలీన్ ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో ఎండోపాలీగెలాక్ట్యురొనేజ్ అనే ఎంజైమ్ కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్‌ను తెంచేస్తుంది, కండ కరిగిపోతుంది. రసం కారుతూ తినేవాళ్లకు దీన్ని మించింది లేదు, దూరం పంపేవాళ్లకు మాత్రం నష్టమే. ఈ కరగడాన్ని ఆపే సహజ మార్పులు కొన్ని ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో చోట అడ్డుపడుతుంది.

కరగని కండ రకాల్లో లోపం ఆ ఎంజైమ్ జన్యువులోనే, నాలుగో క్రోమోజోము మీద. ఎథిలీన్ వస్తుంది, రంగూ వాసనా వస్తాయి, కండ మాత్రం రబ్బరులా సాగుతుంది. ఉడికించినా ముక్క చెదరదు కాబట్టి డబ్బాల్లో నిల్వ చేసేందుకు ఇవే వాడతారు. చల్లని గదిలో మామూలు పీచ్‌కు పట్టే పిండితనం కూడా వీటికి పెద్దగా రాదు. ఒక చిక్కుంది: టెంక వదలడాన్ని నిర్ణయించేదీ అదే చోటు. అందుకే కండ కరగని పీచ్‌లో టెంక అంటుకునే ఉంటుంది.

స్టోనీ హార్డ్, అంటే రాయిలా గట్టిగా ఉండే రకం, కథ వేరు. దీని మూలం ఆరో క్రోమోజోము మీది పీపీయూక్11 జన్యువు. పండే దశలో అది సరిగా పనిచేయక ఆక్సిన్ అనే మరో మొక్క హార్మోన్ పెరగదు. ఆక్సిన్ లేక ఎథిలీన్ పుట్టదు, ఎథిలీన్ లేక కరగడం మొదలుకాదు. పండు తీపెక్కుతుంది, రంగు తేలుతుంది, కొరికితే కరకరమంటుంది. నాకు నచ్చేది దీనిలోని వెసులుబాటు: ఎంజైమ్ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటే, బయటినుంచి ఎథిలీన్ పట్టించి మనకు కావలసినప్పుడు మెత్తబరచుకోవచ్చు.

ఇక ఎన్‌ఏసీ అనే జన్యువు ఊడిపోయిన, నెమ్మదిగా పండే రకం నిల్వకు పనికిరాదు. ఆ జన్యువు రెండు ప్రతులూ పోతే కాయ అసలు పండనే పండదు.

డబ్బాలకైతే కరగని కండే సరి. తాజాగా దూరం పంపాలంటే నా ఓటు స్టోనీ హార్డ్‌కే. అయితే ఈ గుణం అంతర్గతం. మామూలు రకంతో సంకరం చేస్తే మొదటి తరంలో కనిపించదు, తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. నాలుగో క్రోమోజోమూ చూసుకోవాలి: కరగని కండ గుణం కూడా కలిసొచ్చిన మొక్కయితే ఎంత ఎథిలీన్ పట్టించినా ఆ పండు కరగదు.