ట్రైకోడెర్మా ప్యాకెట్ వెనక వైపు చదవకుండా డబ్బు ఇవ్వకండి

నల్లగొండ జిల్లాలో బత్తాయి, నిమ్మ తోటలున్నవారికీ, పాలమూరు వైపు యాసంగిలో వేరుశనగ వేసేవారికీ ఈ హెచ్చరిక. ట్రైకోడెర్మా విరిడే అంటే నేలలోని తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం, పొడి మందుగా అమ్ముతారు. మా అన్న అదే అని నమ్మి కొన్న కిలో ప్యాకెట్లలో ట్రైకోడెర్మా దాదాపు లేదు. ఎవరో చెప్పగా విని రాస్తున్నది కాదు. ఆ పొడిని నేనే ల్యాబులో పెంచి చూశాను. సూక్ష్మజీవశాస్త్రం బోధించడం, మొక్కలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలను పెంచి పరిశీలించడం నా వృత్తి. ఫిర్యాదు అధికారుల దగ్గర ఉంది కాబట్టి దుకాణం పేరు, తయారీదారు పేరు ఇక్కడ రాయను. ఇలాంటి సరుకు ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టడానికి ఏం చూడాలో మాత్రం వివరంగా రాస్తాను.

అన్న తోట గుర్రంపోడు వైపు ఎర్ర చెలకలో ఉంది. సాత్‌గుడి బత్తాయి, కాపు మీదున్న చెట్లు. కొన్ని చెట్లకు ఒక పక్క కొమ్మలు ఎండి, ఆకు పసుపు రంగుకు తిరిగి, కాయలు చెట్టు మీదే వడలిపోయాయి. వేరు చీల్చి చూస్తే లోపలి కర్ర గోధుమ రంగుకు మారి ఉంది. ఫ్యుజేరియం సొలాని అనే శిలీంధ్రం తెచ్చే ఎండు వేరుకుళ్లు లక్షణాలివి. పురుగుమందుల దుకాణంలో చెబితే ఈ ప్యాకెట్లు చేతిలో పెట్టారు. "ఇది పాదుల్లో వెయ్యి అన్నా, పదిహేను రోజుల్లో చెట్టు చిగురిస్తుంది" అన్నారట. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద మొత్తం రాసిచ్చారు. దాని మీద బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు.

ప్యాకెట్ ముందు భాగం ముచ్చటగా ఉంది. ఆకుపచ్చ బూజు బొమ్మ, పెద్ద అక్షరాలతో "ట్రైకో" అన్న మాట, కాయలతో వంగిన చెట్టు. వెనక్కి తిప్పితే, కళ్లద్దాలు ఉంటే తప్ప కనబడని అక్షరాల్లో "భూసార వర్ధకం" అని ఉంది. కిటుకంతా అక్కడే. ట్రైకోడెర్మాను తెగులు నివారణకు అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, విషతీవ్రతను చూపే రంగు గుర్తు లేబుల్ మీద అచ్చయి ఉండాలి. రైజోబియం, అజటోబాక్టర్ వంటి జీవన ఎరువులయితే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తాయి. 2021 ఫిబ్రవరిలో జీవ ఉత్ప్రేరకాలను (మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే సరుకులను) కూడా అదే ఉత్తర్వులోకి తెచ్చారు. మా అన్న చేతికొచ్చిన సరుకు మీద ఈ రెండింటిలో దేని నంబరూ లేదు. ముందు వైపు బొమ్మ మందు అంటుంది, వెనక వైపు అక్షరాలు మందు అనవు. రేపు ఎవరైనా నిలదీస్తే చూపించేది వెనక వైపే.

ట్రైకోడెర్మా మీద నాకు అపనమ్మకం లేదు, ఆ మాట ముందే చెప్పాలి. నేలలోని ఇతర శిలీంధ్రాలను ఇది చుట్టుకుని, వాటి గోడలను కరిగించి తినేస్తుంది. రైజోక్టోనియా అనే తెగులు శిలీంధ్రాన్ని ఇలా తినడాన్ని వైన్‌డ్లింగ్ అనే శాస్త్రవేత్త 1932లోనే వివరించాడు. ల్యాబులో శిలీంధ్రాలను పెంచే ప్లేటు ఒకదానిలో రెండింటినీ ఎదురెదురుగా పెడితే, నాలుగైదు రోజుల్లో ట్రైకోడెర్మా అవతలి దాని మీదకు పాకి ఆకుపచ్చని సిద్ధబీజాలు పరుస్తుంది. కొన్ని రకాల ప్లేట్లు మూత తీస్తే కొబ్బరి వాసన వస్తుంది. మా విద్యార్థులకు బాగా గుర్తుండేది ఆ వాసనే. పుట్టగొడుగులు పెంచేవారిని అడిగితే మాత్రం దీని గురించి మంచి మాట ఒక్కటీ వినబడదు. వాళ్ల బెడ్లను పాడుచేసే ఆకుపచ్చ బూజు ఇదే జాతి.

ఇక ప్యాకెట్ సంగతి. మన దేశ ప్రమాణం ప్రకారం ట్రైకోడెర్మా విరిడే పొడి మందులో గ్రాముకు కనీసం 20 లక్షల బతికున్న కణాలు ఉండాలి. తేమ 8 శాతం మించకూడదు. లెక్క సులభం. ఒక గ్రాము పొడిని పది వేల రెట్లు పలుచన చేసి, అందులోంచి ఒక మిల్లీలీటరు ప్లేటులో పోస్తే, బతికున్న ఒక్కో కణానికి ఒక్కో మచ్చ చొప్పున 200 దాకా మచ్చలు లేవాలి. ఈ పొడికి ఒక్కటీ లేవలేదు. నూరు రెట్ల పలుచనలో అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు కనబడ్డాయి. మిగిలిన జాగా అంతా బాక్టీరియాతోనూ నల్లటి బూజుతోనూ నిండిపోయింది. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ నల్లది ఆస్పర్జిల్లస్ నైగర్.

వేరుశనగ రైతులను ఈ హెచ్చరికలోకి లాగింది ఆ నల్ల బూజే. వేరుశనగలో మొదలుకుళ్లు తెచ్చేది ఆస్పర్జిల్లస్ నైగర్. మొలక నేల దాటి పైకి వచ్చీరాగానే కాండం మొదలు దగ్గర మెత్తబడి, నల్లటి పొడి కమ్మి, మొక్క ఒరిగిపోతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చెలకల్లో వేరుశనగ వేసేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ తెగులు రాకుండా కిలో విత్తనానికి పది గ్రాముల ట్రైకోడెర్మా పట్టించమని సిఫారసు. ఇలాంటి పొడి పట్టిస్తే, ఏ తెగులు రాకూడదని మందు కలిపారో ఆ తెగులు బీజాన్నే విత్తనానికి చేతులారా అంటించినట్టు. బత్తాయికి డబ్బు మాత్రమే దండుగ. వేరుశనగకు పంటే పోవచ్చు.

తప్పంతా తయారీలోనే జరిగిందని నేను అనలేను. ట్రైకోడెర్మా ప్రాణమున్న సరుకు. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో సుఖంగా ఉంటుంది. నల్లగొండ, మిర్యాలగూడ ఎండాకాలంలో 45 దాటే రోజులుంటాయి. అలాంటప్పుడు రేకుల షెడ్డులో, యూరియా బస్తాల మీద నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్లో ఏం బతుకుతుంది? అందుకే గడువు తేదీ ఒక్కటే చూసి తృప్తి పడవద్దు. దుకాణంలో ఎక్కడ నిలవ చేశారో చూడండి, అడగండి. పొడి గడ్డలు కట్టి ఉన్నా, ముక్క వాసన వస్తున్నా వదిలేయండి.

ల్యాబు లేనివారు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. గుప్పెడు జొన్నలు సగం ఉడికించి, నీరు వంచి, చల్లార్చి శుభ్రమైన గాజు సీసాలో వేయాలి. చిటికెడు పొడి చల్లి, మూతికి కాగితం కట్టి నీడలో ఉంచాలి. నాలుగైదు రోజుల్లో తెల్లగా అల్లుకుని, తర్వాత ముదురాకుపచ్చకు తిరిగితే పొడిలో ప్రాణం ఉందనుకోవచ్చు. నల్లబడినా, జిగటగా మారి కుళ్లినా ఆ పొడి చేనుకు వద్దు. ఎన్ని కణాలున్నాయో ఈ పరీక్ష చెప్పదు. ఆకుపచ్చగా పెరిగే ఇతర బూజులు కూడా ఉన్నాయి గనుక ఇది పక్కా నిర్ధారణ కూడా కాదు. సీసా మూతికి కట్టిన కాగితం మాత్రం విప్పకండి, ముఖ్యంగా ఇంట్లో ఆయాసం ఉన్నవారుంటే. చూడటం అయ్యాక అలాగే గుంత తీసి పూడ్చేయండి.

అసలైన సరుకే దొరికినా, ఎండిపోతున్న చెట్టును పదిహేను రోజుల్లో లేపుతుందన్న మాట నమ్మకండి. తెగులు ముదరకముందు వేర్ల చుట్టూ కాపలా ఉండటం వరకే దాని పని. రెండు కిలోలను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండిలో కలిపి, తడి చల్లి, గోనె సంచులు కప్పి, వారం పది రోజులు నీడలో పెంచి పాదుల్లో వేయాలి. ఆ రోజుల్లోనే కాపర్ ఆక్సీక్లోరైడ్, కార్బండజిమ్ లాంటి శిలీంధ్రాలను చంపే మందులు పోస్తే అదీ చస్తుంది. కాండం నుంచి బంక కారుతున్న చెట్లయితే కారణం ఫైటాఫ్తొరా. అలవాటుగా దాన్నీ బూజు తెగులనే అంటాం గానీ, అది నిజమైన శిలీంధ్రం కాదు, నీటి నాచులకు దగ్గరి చుట్టం. అందుకే ముందు నీటిని అదుపు చేయాలి. కాండానికి నీరు తగలకుండా రెండు వరుసల పాదులు చేయడం, అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకుండా చూడటం, బంకను గీకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయడం ప్యాకెట్ల కంటే ముందు చేయాల్సిన పనులు. తెగులు ఏదో తేలకపోతే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన కేంద్రంలో గానీ వేరు, మట్టి చూపించండి.

నా ప్లేట్ల ఫొటోలు చూపించాక దుకాణంవారు అన్న డబ్బు తిరిగి ఇచ్చారు. అవే ప్యాకెట్లు మాత్రం ఇంకా బల్ల మీదే ఉన్నాయి, ఇది రాయడానికి కారణం అదే. నా పరీక్ష కోర్టులో చెల్లదు. మండల వ్యవసాయాధికారి వచ్చి పంచనామా చేసి తీసిన నమూనాకే విలువ. కాబట్టి మీ దగ్గర ఇలాంటివి ఉంటే విప్పని ప్యాకెట్ ఒకటి నీడలో దాచండి, ఖాళీ సంచులు పారేయకండి, పక్కా బిల్లు రాయించుకోండి. రైతు కూడా వినియోగదారుడే అని విత్తనాల కేసులో సుప్రీంకోర్టు 2012లో చెప్పింది కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పంట సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు.