పాలమూరా, జడ్చర్లా, షాద్‌నగరా: బడి చూసి ఇల్లా, కొలువు చూసి ఇల్లా?

మా ఇంట్లో ముగ్గురం. తెల్లారితే ముగ్గురం మూడు దిక్కులకు పోతాం. మా ఆయనకు కొత్తూరు దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం. నేను రాజాపూర్ మండలంలో ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. బాబు రెండో తరగతి. వాడి ఎల్‌కేజీ, యూకేజీ మహబూబ్‌నగర్‌లో, అదే మా పాలమూరులో, ఒకటో తరగతి షాద్‌నగర్‌లో గడిచాయి. ఇప్పుడు జడ్చర్లలో ఉన్నాం. నాలుగేళ్లలో మూడు ఇండ్లు. సామాన్లు ఎక్కించీ దించీ ఒక బీరువా తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు.

ఏప్రిల్ వచ్చిందంటే, చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో పాఠాల కన్నా ఈ మాటే ఎక్కువ నడుస్తుంది: "మేడం, మీరు మూడు చోట్లా ఉన్నారు కదా, ఏది మేలు?" ఒక్క మాటలో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఈ తిరుగుడంతా ఒకే దారి మీద. హైదరాబాద్ నుంచి 44వ నంబరు హైవే మీద వస్తుంటే శంషాబాద్ దాటాక కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, రాజాపూర్, జడ్చర్ల వరుసగా తగులుతాయి. పాలమూరు పట్టణం మాత్రం హైవే మీద లేదు. జడ్చర్లలో తిరిగి ఇంకో 15 కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఈ 15 కిలోమీటర్లే మా ఇంట్లో రెండేళ్లు గొడవ పెట్టాయి.

పాలమూరులో ఉండాలన్నది మా అత్తమ్మ మాట. అందులో తప్పేం లేదు. బడులు ఎంచుకోవడానికి అక్కడ ఉన్నంత వీలు చుట్టుపక్కల ఎక్కడా లేదు. స్టేట్ సిలబస్, సీబీఎస్‌ఈ, కేంద్రీయ విద్యాలయం, ఉర్దూ మీడియం, అన్నీ ఉన్నాయి. రేపు పిల్లలు పెద్దయితే కాలేజీలు, పాలమూరు యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ కూడా ఊళ్లోనే. రాత్రిపూట పిల్లోడికి జ్వరమొస్తే డాక్టర్ దొరుకుతాడు. పద్మావతి కాలనీ పక్కన ఇల్లు తీసుకున్నాం. అత్తమ్మ వాళ్లు రెండు గల్లీల అవతలే.

మాకు తెలియంది ఒకటే. ఊళ్లో ఇల్లు తీసుకున్నంత మాత్రాన బడి దగ్గరైనట్టు కాదు. పెద్ద గ్రౌండు, పెద్ద బిల్డింగు కావాలంటే స్థలం కావాలి కాబట్టి మేము నచ్చి చేర్పించిన బడి ఊరి బయట ఉంది. ఇంటి నుంచి 6 కిలోమీటర్లు ఉంటుందేమో. దానికి వ్యాను 7:10కే వచ్చేది. అదేమంటే మా గల్లీ "ఫస్ట్ పాయింట్" అట. మమ్మల్ని ఎక్కించుకుని ఊరంతా తిరిగి 8:20కి బడికి చేరేది. నాలుగున్నరేళ్ల పిల్లోడు మెడలో టై, చేతిలో సగం కొరికిన బిస్కెట్‌తో కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడు. సాయంత్రం అదే తంతు. ఒకరోజు బోయపల్లి గేటు దగ్గర వ్యాను చెడిపోయింది. గంటన్నర పిల్లలంతా అందులోనే కూర్చున్నారు. బడి నుంచి ఒక్క ఫోన్ లేదు. ఇంటికొచ్చాక వాడు ఏడవలేదు. వాటర్ బాటిల్ బోర్లించి చూపించి, "నీళ్లు అయిపోయినయ్" అన్నాడంతే.

మా ఆయనది ఇంకో కథ. జనరల్ షిఫ్ట్ ఉన్న వారం రైల్లో తిమ్మాపూర్ దాకా పోయేవాడు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ లైను డబ్లింగ్ అయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశాక, ఎదురుబండి కోసం ఏదో ఒక చిన్న స్టేషన్‌లో కాచుకునే బాధ తప్పిందని పాత ప్రయాణికులు చెప్పేవాళ్లు. బండి బాగానే ఉండేది. షిఫ్టే కుదిరేది కాదు. బీ షిఫ్ట్ రాత్రి పదికి అయిపోతే ఆ వేళకు రైలెక్కడిది? వారంలో రెండు రాత్రులు షాద్‌నగర్‌లో తోటి ఉద్యోగి రూములో పడుకునేవాడు. బాబు ఫోన్ చేసి, "నాయినా, ఇయ్యాల ఏ ఇంటికి పోతవ్?" అని అడిగినరోజు మేమిద్దరం ఇల్లు మారాలని అనుకున్నాం.

అలా షాద్‌నగర్ వచ్చాం. మా ఆయనకు స్వర్గమే. కంపెనీ బస్సు చౌరస్తాలోనే ఎక్కేవాడు, అరగంటలో గేటు దగ్గర దిగేవాడు. సాయంత్రం ఇంట్లో మనిషి కనబడటం మొదలైంది. భార్యాభర్తల్లో ఒక్కరికే ఉద్యోగం ఉండి, అదీ కొత్తూరు, శంషాబాద్ వైపైతే, ఇంకేం ఆలోచించకుండా షాద్‌నగర్‌లో దిగండి. అద్దె మాత్రం హైదరాబాద్ గాలి తగిలిన అద్దె. మేము పాలమూరులో ఇచ్చినదాని కన్నా నెలకు మూడు వేలు ఎక్కువిచ్చాం, ఒక గది తక్కువతో.

నాకేమో కష్టం పెరిగింది. రాజాపూర్‌కు ఎదురుదిశలో రావాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు, నిజమే. టైమ్‌కే గ్యారంటీ లేదు. ఎక్స్‌ప్రెస్ మా స్టేజీలో ఆగదు, ఆగేది నిండా జనంతో వస్తుంది. దిగాక ఊళ్లోకి షేర్ ఆటో, అది నిండేదాకా కదలదు. ఇప్పుడు హాజరు కూడా ఫోన్‌లో ముఖం చూపించి వేయాలి. తొమ్మిదికి ప్రేయర్ అంటే తొమ్మిదికే. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుసు.

బాబు బడి వ్యానులో పావుగంటే. ఫ్లెక్సీ మీద ఒకటో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని రాసుంది. నేను టీచర్‌ని అయ్యుండీ దానికి పడిపోయాను. ఆ ఏడాదిలో వాడికి క్లాస్ టీచర్ మూడుసార్లు మారింది. మూడో మేడం పేరు వాడికి పరీక్షల దాకా గుర్తుండలేదు. బడి ఎట్లాంటిదో తెలుసుకోవాలంటే గ్రౌండు చూడకండి, ఏసీ చూడకండి. ఈ తరగతి టీచరమ్మ ఇక్కడ ఎన్నేళ్లుగా ఉందని అడగండి. నసిగితే లేచి వచ్చేయండి.

జడ్చర్లకు మారదామన్నప్పుడు మా ఆయన ముఖం చిట్లించాడు. "అక్కడ ఏముంది, లారీలు తప్ప?" అన్నాడు. నిజమే, బాదేపల్లి మార్కెట్ యార్డు సీజనులో రోడ్డు మీద పల్లికాయ బస్తాల ట్రాక్టర్లు, హైవే మీద లారీలు, ఎండాకాలం దుమ్ము. పోలేపల్లి సెజ్ (కంపెనీల కోసం పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండలి) వచ్చాక అద్దె ఇండ్లకూ గిరాకీ పెరిగింది. ఉన్న బడి కూడా మామూలుది. స్టేట్ సిలబస్, చిన్న ఆవరణ, ఒక వేపచెట్టు. కానీ రెండో తరగతి చెప్పే ఆవిడ పదకొండేళ్లుగా అదే గదిలో ఉంది. ఇంటి నుంచి నడిచి పది నిమిషాలు.

మొదటి నెల ఒకరోజు పాత క్యాలెండరు వెనక లెక్క రాసుకున్నాను. రానూపోనూ కలిపి పాలమూరులో బాబుకు 2 గంటల 20 నిమిషాలు, నాకు 2:30, మా ఆయనకు 4 గంటలు. షాద్‌నగర్‌లో బాబుకు అరగంట, నాకు 3 గంటలు, ఆయనకు గంట. జడ్చర్లలో బాబుకు 20 నిమిషాలు, నాకు 1:20, ఆయనకు 2:30. కూడి చూస్తే పాలమూరు దాదాపు తొమ్మిది గంటలు. మిగతా రెండూ నాలుగు నాలుగున్నర మధ్యే, పెద్ద తేడా లేదు. తేడా ఆ గంటలు ఎవరి నెత్తిన పడుతున్నాయన్నదాంట్లో ఉంది. ఇంకోటి, పొద్దున పోయే గంట, సాయంత్రం పోయే గంట ఒకటి కాదు. పిల్లోడు ఏం చదివాడో, ఎవరితో కొట్లాడాడో బయటపడేది ఐదు నుంచి ఎనిమిది మధ్యే. ఆ వేళకు ఇంట్లో ఒక్కరన్నా ఉండాలి. ఇద్దరూ ఉంటే మరీ మంచిది కానీ జీతాల బతుకులో అన్నీ కుదరవు.

ఖర్చు సంగతి: మా ఆయన ఇంకో ముగ్గురితో కలిసి కారులో పోతున్నాడు. షాద్‌నగర్ దగ్గర రాయికల్ టోల్ ఉంది. 2025 ఆగస్టులో ఫాస్టాగ్ ఏడాది పాసు వచ్చినప్పుడు 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు. రోజుకు రెండు చొప్పున నెలకు 48 ట్రిప్పులంటే పాసు నాలుగు నెలలకే ఖాళీ. ఆ ధరకు ఏడాదికి మూడు పాసులు, 9,000. నలుగురికి పంచితే మనిషికి నెలకు 200 కూడా పడదు. ఒక్కరే కారులో పోయేవాళ్లు మాత్రం పెట్రోల్‌తో కలిపి లెక్కేసుకుంటే గుండె ఆగుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపల కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే పిల్లలు అక్కడ లోకల్. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు షాద్‌నగర్ పాలమూరు నుంచి రంగారెడ్డికి పోయింది. అంటే ఉద్యోగాల లెక్కలో అది చార్మినార్ జోన్, మనది జోగులాంబ జోన్. ఇరవై ఏళ్ల తర్వాత కొలువు కోసం ఇప్పుడు ఇల్లు చూసుకోవాలా అని మా ఆయన నవ్వుతాడు. టీచర్ పోస్టులు వేసే డీఎస్సీ కోసం ఆరేళ్లు ఎదురుచూసినదాన్ని నేను, నాకు నవ్వు రాదు.

"ఇదంతా ఎందుకు, హాస్టల్లో వేయరాదా?" అనేవాళ్లూ ఉన్నారు. గురుకులాలకు పుట్టిల్లు మన దక్షిణ తెలంగాణే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. పల్లెల్లో ఎందరికో అదే దారి చూపింది. కాదనను. ఏడేళ్లవాడిని మాత్రం నేను పంపలేను. ఆరో తరగతికి నవోదయ (కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) అంటే ఆలోచిస్తా. మన వైపు పాత నవోదయ బిజినేపల్లి దగ్గరి వట్టెంలో ఉంది.

ఆ నవోదయ దగ్గరే నాకు చిక్కు వచ్చింది. అక్కడ 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. మంచి బడి అని పట్నానికి తెస్తే ఆ తలుపు మనమే మూసినట్టు. వచ్చే జూన్‌కు మా వాడిది మూడో తరగతి. నేను పనిచేసే బడి పల్లెలోనే ఉంది. 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం కూడా నడుస్తోంది, పొద్దున నా వెంట వచ్చి సాయంత్రం నాతోనే తిరిగొస్తాడు. ఐదు తరగతులకు ఇద్దరమే టీచర్లం అన్నది మాత్రం నాకు బాగా తెలుసు. ఊరివాళ్ల పిల్లలకు చాలే బడి నీ కొడుక్కి చాలదా అని ఇంతవరకు ఎవరూ మొహం మీద అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

పోయినవారం సర్పంచ్ వాళ్ల అమ్మ బడికొచ్చి, మధ్యాహ్న భోజనం వండే దగ్గర కూర్చుని అడగనే అడిగింది: "మీ పిల్లోడిని కూడా తోల్కరా బిడ్డా, మా మనుమనితోని ఆడుకుంటడు." చూద్దాంలే అవ్వా అన్నాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.