భర్త సంతకం అడగని ఆసుపత్రి

మా జగిత్యాల వైపు చాలా ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ మగమనిషి గల్ఫ్‌లో ఉంటాడు. మా ఆయన సెలవు మీద వచ్చి మళ్లీ మస్కట్ వెళ్లాక నాకు నెల తప్పింది. జాగ్రత్త పడినా తప్పింది. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తమ్మ, కుట్టు మిషన్ మీద వచ్చే నాలుగు డబ్బులు. మూడో కాన్పు వద్దని ఫోన్‌లో ఇద్దరం కలిసే అనుకున్నాం. అబార్షన్ కోసం నేను వెళ్లిన ప్రభుత్వ ఆసుపత్రి ఎలా ఉందో, రేపు ఇదే అవసరం పడే ఆడవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదట పోయింది ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి. స్కానింగ్ చూసి ఏడు వారాలు, మాత్రలతోనే అయిపోతుంది అన్నారు. ఆ వెంటనే మీ ఆయన్ని తీసుకురండి, సంతకం కావాలి అన్నారు. ఊళ్లో లేడంటే, అయితే మామగారో మరిదో రావాలట. నా కడుపు విషయంలో మరిది సంతకం ఏమిటి? ఎంత చెప్పినా వినలేదు. కోపంతో, ఏడుపుతో బయటికి వచ్చాను.

మా వాడ ఆశా అక్క చెబితే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. ఓపీలో క్యూ, ఉక్కపోత, అదంతా అందరికీ తెలిసిందే. లోపల డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. చివరిసారి ఎప్పుడు బయట చేరారు, పాత కాన్పులు ఎలా అయ్యాయి, ఆస్తమా ఉందా, ఏమైనా మందులు వాడుతున్నారా అని అన్నీ అడిగింది. హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు పరీక్షలు చేయించింది. మీ ఆయన ఎక్కడ అన్నప్పుడు నాకు మళ్లీ టెన్షన్ మొదలైంది. గల్ఫ్‌లో అన్నాను. "సరేనమ్మా, ఇది మీ ఇష్టమేనా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా?" అంది. అంతే. ఒక కాగితం నా ముందు పెట్టింది.

దాన్ని ఫారం-సి అంటారు. నా పేరు, వయసు, చిరునామా, గర్భం తీసేయడానికి ఒప్పుకుంటున్నానని ఒక మాట, కింద నా సంతకం. భర్త సంతకానికి అందులో చోటే లేదు. గార్డియన్ సంతకం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకూ, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకూ మాత్రమే. ఇది ఈమధ్య వచ్చిన రూలు కూడా కాదు, అబార్షన్‌ను అనుమతించే 1971 నాటి ఎంటీపీ చట్టంలోనే ఉంది. అలాంటప్పుడు మనిషిని వెనక్కి పంపే హక్కు ఆ నర్సింగ్ హోమ్ వాళ్లకు ఎవరిచ్చారు? అలా పంపితే ఎక్కువమంది మెడికల్ షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో పోతారు. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు స్కానింగ్ చూస్తామని డాక్టరమ్మ వివరంగా చెప్పింది.

మొదటి మాత్ర అక్కడే మింగించారు. రెండో రకం మాత్రలు రెండు రోజులకు. నొప్పి ఎంత ఉంటుంది, రక్తం ఎంత పోతే మామూలు, గంటకు రెండు ప్యాడ్లు తడుస్తూ ఆగకపోయినా జ్వరం వచ్చినా వెంటనే రావాలని స్టాఫ్ నర్సు సిస్టర్ రెండుసార్లు చెప్పింది. చెప్పినట్టే జరిగింది కాబట్టి ఇంట్లో భయపడలేదు. రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేసి అంతా శుభ్రంగా ఉందన్నారు. రూపాయి తీసుకోలేదు.

బాగాలేనివీ ఉన్నాయి. వరండాలో నిలబడి సిబ్బందిలో ఒకామె నా పేరు పెట్టి, "అబార్షన్‌కి వచ్చింది ఎవరు" అని కేకేసింది. మా వాడవాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. అబార్షన్‌కి వచ్చినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరే రహస్యంగా ఉంచాలి. ఎంటీపీ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఇంకొకామె కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించుకో అని వెంటపడింది. అది నేను వేరుగా ఆలోచించుకునే విషయం, దీనికి షరతు కాదు. డాక్టరమ్మ వచ్చి ఆపింది.

నా పక్కన కూర్చున్న అమ్మాయికి పెళ్లి కాలేదు. ఆమెతో మాట్లాడేటప్పుడు సిబ్బంది గొంతు మారిపోయింది. అది నాకు చాలా బాధనిపించింది. గర్భనిరోధక సాధనం విఫలమైతే అబార్షన్ చేయొచ్చు అనే చోట చట్టంలో ముందు పెళ్లైన స్త్రీ, భర్త అని ఉండేది. 2021లో దాన్ని స్త్రీ, ఆమె భాగస్వామి అని మార్చారు. 20 నుంచి 24 వారాల గర్భం తీసే విషయంలో కూడా పెళ్లికానివాళ్లను వేరుగా చూడకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా మన దగ్గర అబార్షన్ ఇప్పటికీ నేరాల చట్టంలోనే ఉంది, ఎంటీపీ చట్టం కొన్ని పరిస్థితుల్లో మినహాయింపు ఇస్తుంది. నాకు వద్దు అంటే చాలదు, డాక్టరు కూడా సరే అనాలి. మంచి డాక్టరమ్మ దొరకడం నా అదృష్టం కాబట్టి పని జరిగింది. అదృష్టం మీద ఆధారపడేలా ఉండకూడదు ఇది.

వైద్యానికి ఐదుకు ఐదు ఇస్తాను, వరండాలో జరిగినదానికి రెండు. వెళ్లేవాళ్లు పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి, పాత రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. తొమ్మిది వారాల లోపైతే మాత్రలు, దాటితే పన్నెండు వారాల దాకా వాక్యూమ్‌తో పీల్చి తీసే పద్ధతి, రెండూ ఇక్కడ చేస్తారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఎవరైనా మగవాళ్ల సంతకం అడిగితే ఫారం-సి చూపించమనండి.