గోదావరి లంకలో రాత్రిపూట చదవడానికి ఏది మేలు: పో, జేమ్స్, హెర్న్?

ప్రతి సంక్రాంతికీ మా మేనల్లుడు ఏదో ఒక ప్రశ్న పట్టుకొస్తాడు. కిందటేడు ఏ బండి కొనాలన్నాడు. ఈ ఏడు దయ్యాల మీద పడ్డాడు. అరుగు మీద ఫోన్ పెట్టి, “చూడు మావయ్యా, మూడు పుస్తకాలు దించాను. పాతవి గదా, మూడూ ఊరికే దొరికాయి. మూడూ చదివే ఓపిక నాకు లేదు. ఒక్కటి చెప్పు” అన్నాడు.

ఆ మూడింటిలో మొదటిది ఎడ్గార్ అలన్ పో ‘టేల్స్ ఆఫ్ ది గ్రొటెస్క్ అండ్ అరబెస్క్’, 1839 చివర్లో ఫిలడెల్ఫియాలో వచ్చిన రెండు భాగాల సంపుటం. రెండోది ఎం. ఆర్. జేమ్స్ ‘ఘోస్ట్ స్టోరీస్ ఆఫ్ యాన్ యాంటిక్వరీ’. మూడోది లాఫ్కాడియో హెర్న్ ‘క్వైదాన్’. ఈ చివరి రెండూ ఒకే ఏడు, 1904లో వచ్చాయి. ఒకటి ఇంగ్లండులో చర్చిలూ పాత గ్రంథాల మధ్య బతికిన పండితుడిది, ఇంకొకటి జపాన్‌లో స్థిరపడిపోయిన ఒంటికన్ను విలేఖరిది.

“మన బేతాళుడు లేడా?” అంటారేమో. ఉన్నాడు. సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఆయనవి పాతిక కథలున్నాయి. పో సంపుటంలోనూ లెక్కగా పాతికే! కానీ బేతాళ కథలు చదివి జడుసుకున్నవాణ్ణి నేను చూడలేదు. భుజాన శవం ఉన్నా మన ధ్యాసంతా చివరి ప్రశ్నకి జవాబేమిటనే దాని మీదే. పొడుపుకథ ముందు దయ్యం నిలబడలేదు. కాబట్టి ఆయన్ని చెట్టు మీదే ఉండనిచ్చాను.

పోతో మొదలెడదాం. ఈ పాతికలో సగానికి పైగా భయం కథలు కావు, వెటకారం. ఆ రోజుల పత్రికల్నీ మనుషుల్నీ ఎగతాళి చేసిన రాతలు. ఆ కాలం తెలియకపోతే నవ్వూ రాదు, భయమూ రాదు. మా వాడికి ముందే చెప్పాను, వరసగా చదవొద్దని. ఏరుకుంటే ‘బెరెనీస్’, ‘లిజియా’, ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ చాలు.

‘బెరెనీస్’ 1835 నాటిది. మేనరికం లాంటి సంబంధం. కుర్రాడికి పెళ్ళి కుదిరిన పిల్ల వాడి చుట్టమే. ఆ పిల్లకి జబ్బు చేస్తుంది, చిక్కిపోతుంది. వాడి మనసు మాత్రం ఆమె పళ్ళ మీద పడుతుంది. పిల్ల మీద కాదు, పళ్ళ మీద! చివరికి ఆమెను పూడ్చిపెట్టాక ఏం జరిగిందో చెప్పను. ఒక పెట్టె కింద పడి పగులుతుంది, అందులోంచి తెల్లగా చిన్న చిన్నవి ముప్పై రెండు దొర్లుతాయి. అప్పట్లోనే పాఠకులు ఇదేం రాతరా అని పత్రికకి ఫిర్యాదు చేశారు. భోజనానికి ముందు చదవకండి.

ఇక్కడో చిక్కుంది. పో భయాల్లో పెద్దది, ప్రాణముండగానే పూడ్చేస్తారేమోనన్నది. బెరెనీస్‌కీ అదే, అషర్ చెల్లెలికీ అదే. మాలో చాలామందికి అది అంత లోతుగా దిగదు. మేం కాల్చేస్తాం గనక అని కాదు, ఆ అనుమానం మాకూ ఉంది. పాడె కాటికి చేరకముందే ఒకచోట దించి, చెవి దగ్గర నోరు పెట్టి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాం. దింపుడు కళ్ళం అంటాం. ఏ మూలో ప్రాణముంటే పలుకుతాడని. పో పేజీలకి పేజీలు రాసిన భయానికి మనవాళ్ళు మూడు కేకలతో మందు వేసేశారు. మా నాన్న చెవిలో నేనే పిలిచాను. మూడోసారి పిలిచి ఆగినప్పుడు ఉన్న నిశ్శబ్దం ఉందే, అది పో రాసిన దేనిలోనూ నాకు దొరకలేదు.

‘అషర్’ వేరు. ఆ కథ మా ఊళ్ళకి సరిగ్గా సరిపోతుంది. పెద్ద ఇల్లు, వంశంలో మిగిలింది ఇద్దరు, గోడకి సన్నటి బీట, ఎదురుగా నల్లటి మడుగు. అమలాపురం చుట్టుపక్కల మండువా లోగిళ్ళలో పిల్లలంతా అమెరికా వెళ్ళిపోయాక ముసలివాళ్ళిద్దరూ ఒక గదిలో సర్దుకుని మిగతా ఇల్లంతా తాళాలేసుకుంటారు చూడండి, అదే అషర్ ఇల్లు. తేడా అల్లా, ఆ ఇల్లు మడుగులో కూలిపోతుంది, మావి కూలకముందే టేకు స్తంభాలకి బేరం కుదురుతుంది. ఆ కథ 1839 సెప్టెంబరులో పత్రికలో వచ్చింది. మూడు నెలలు తిరక్కుండా, అదే ఏడు నవంబరులో, గౌతమికి అవతల ఉన్న కోరంగి రేవుని ఉప్పెన నిజంగానే ముంచేసింది. ఓడ మునిగినట్టే రేవు మునిగిపోయింది. ఇప్పుడక్కడ మడ అడవిలో పడవ షికారు చేసి వస్తున్నాం. పోకి ఈ సంగతి తెలిసి ఉండదు. నాకు మాత్రం ఆ చివరి పేజీ చదివినప్పుడల్లా కోరంగే కనిపిస్తుంది.

భాష మాట చెప్పాలి. మూడింట్లోనూ కష్టమైంది పో భాషే. వాక్యం మొదలెడితే లాకు దాటి వెళ్ళిన పడవలా ఎప్పటికో గాని ఒడ్డు చేరదు. జేమ్స్‌లో చర్చి కట్టడాల మాటలూ లాటిన్ ముక్కలూ అడ్డొస్తాయి, దాటేసినా కథ పోదు. హెర్న్‌ని పదో తరగతి పిల్లాడు కూడా చదువుకోగలడు.

జేమ్స్ పుస్తకంలో ఎనిమిదే కథలు. కేంబ్రిడ్జిలో ఉద్యోగం. క్రిస్మస్‌కి స్నేహితుల్ని తన గదిలో కూర్చోబెట్టి, కొవ్వొత్తి వెలుగులో చదివి వినిపించేవాడు. బొమ్మలు వేస్తానన్న స్నేహితుడు మెక్‌బ్రైడ్ నాలుగు బొమ్మలు పూర్తిచేసి 1904లోనే చనిపోయాడు. ఆ నాలుగింటితోనే పుస్తకం తెచ్చారు. దయ్యాల పుస్తకమే ఒక మిత్రుడి సంస్మరణ అన్నమాట.

ఈయన పద్ధతి పోకి పూర్తిగా ఎదురు. పో మొదటి వాక్యం నుంచే నీ పీక పట్టుకుంటాడు. జేమ్స్ కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, గోల్ఫ్ గురించీ గది అద్దె గురించీ మాట్లాడి, నువ్వు ఆవలిస్తున్న వేళ చూసి ఒక్క సంగతి చెప్తాడు. ‘ఓ, విజిల్, అండ్ ఐల్ కమ్ టు యూ, మై లాడ్’ అన్న కథలో దయ్యాలు లేవని వాదించే ప్రొఫెసర్ సముద్రం ఒడ్డుకి సెలవులకి వెళ్తాడు. పాడుబడ్డ కట్టడంలో కంచు ఈల దొరుకుతుంది. దాని మీద లాటిన్‌లో, వస్తున్నది ఎవరని రాసి ఉంటుంది. రాత్రి గదిలో ఊదుతాడు.

ఇక్కడ నేను చదవడం ఆపేశాను. ఎందుకంటే మా అమ్మ చిన్నప్పుడు వెయ్యిసార్లు చెప్పింది, “చీకటి పడ్డాక ఈలెయ్యకురా, పాములొస్తాయి” అని. గోదావరి జిల్లాల్లో ఈ మాట వినకుండా పెరిగిన పిల్లాడు ఉండడు. ఇంగ్లీషు ప్రొఫెసరుకి చెప్పే అమ్మ లేకపోయింది. ఆ గదిలో రెండు మంచాలుంటాయి, ఒకటి ఖాళీ. రెండో మంచం మీద దుప్పటి నలిగి ఉందని పనిమనిషి అడుగుతుంది, అంతే. తర్వాత లేచేది ఆ దుప్పటే. రక్తం చుక్క లేదు, కోర లేదు. నలిగిన గుడ్డకి మొహం లాంటిది ఏర్పడుతుంది. ఆ వారమంతా మా గదిలో పక్కమంచం మీద దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టాకే పడుకున్నాను. నా వయసు యాభై నాలుగు.

ఒక్క కథకే పోటీ పెడితే ఇదే గెలుస్తుంది, అనుమానం లేదు. ‘ది మెజోటింట్’ కూడా మా వాడి తరానికి పడుతుంది. ఒక ఇంటి బొమ్మ, చూసిన ప్రతిసారీ కొంచెం మారుతుంది, ఎవరో నాలుగు కాళ్ళ మీద ఇంటి వైపు పాకుతూంటారు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో రాత్రి ఒకలా, పొద్దున ఒకలా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోమన్నాను. కానీ మిగతా కథల్లో మఠాలు, చర్చి అద్దాలు, పాత ప్రతులు వరసగా వస్తుంటే కొబ్బరితోటలో కూర్చున్నవాడికి కొంత ఊపిరి సలపదు. ‘లాస్ట్ హార్ట్స్’ పిల్లలకి చదివి వినిపించకండి, చిన్నపిల్లల గుండెలు కోసే కథ.

హెర్న్ తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్. 1890లో జపాన్ వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, కొయిజుమి యాకుమో అని పేరు మార్చుకున్నాడు. ‘క్వైదాన్’ అచ్చయిన కొన్ని నెలలకే పోయాడు. పదిహేడు కథలు, చివర పురుగుల మీద మూడు వ్యాసాలు. ఆ కథల్లో చాలావరకు పాత జపాన్ పుస్తకాల్లోవి, కొన్ని విన్నవి. భార్య సెత్సు రాత్రి దీపం వత్తి తగ్గించి చెప్పేదట. పుస్తకం చూసి చదివితే ఒప్పుకునేవాడు కాడు, నీ మాటల్లో చెప్పు అనేవాడు. అందుకే ఆ కథలకి నోటి రుచి ఉంది, మా అమ్మమ్మ కొరివిదయ్యం కథల్లాగే.

పైగా ఈ దయ్యాలకి గది అక్కర్లేదు. రేవు, గట్టు, వంతెన చాలు. ‘యుకి ఒన్నా’లో ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్ళు మంచుతుఫానులో రేవు దగ్గరికొస్తారు. పడవవాడు పడవ అవతలి ఒడ్డున వదిలేసి వెళ్ళిపోయాడు. గత్యంతరం లేక అతని పాకలో పడుకుంటారు. మంచు నాకు తెలీదు. రేవు తెలుసు. యానాం వారధి కట్టకముందు ఎదుర్లంక రేవులో ఆఖరి పంటు తప్పిపోతే అవతలి దీపాలు చూస్తూ కూర్చున్న రాత్రులున్నాయి. ఆ పాకలోకి తెల్లచీర మనిషి రావడానికి మంచు కావాలా?

‘జికినిన్‌కి’ అంతకంటే ఘోరం. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే ఆ రాత్రి ఊరంతా ఇళ్ళు వదిలి పోతారు, శవం ఒక్కటే ఉంటుంది. దారిన పోయే సన్యాసి నేనుంటానంటాడు. మనకది వినగానే ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే మన దగ్గర శవాన్ని ఒంటరిగా వదలం, తెల్లవార్లూ ఎవరో ఒకరు దీపం చూసుకుంటూ కూర్చుంటారు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ‘మిమి నషి హోయిచి’. 1185లో దన్నొఉర సముద్ర యుద్ధంలో హైకే వంశంలో చాలామంది, పసి చక్రవర్తితో సహా, మునిగిపోయారు. ఆ కథ పాడే గుడ్డివాడి దగ్గరికి రాత్రిళ్ళు ఆ చచ్చినవాళ్ళే వస్తారు, మా యుద్ధం మాకు పాడి వినిపించమని. ఒంటినిండా మంత్రం రాసి వాణ్ణి కాపాడబోతారు, చెవులు మర్చిపోతారు. మా ఇళ్ళల్లో 1996 నవంబరు 6 నాటి తుఫాను గురించి లెక్కలు చెప్తారు, ఎన్ని చెట్లు పడ్డాయో, ఎవరి పడవ తిరిగి రాలేదో. ఆ రాత్రి పోయినవాళ్ళ మీద దయ్యం కథ మాత్రం నేను ఎవరి నోటా వినలేదు. పాడమని అడగడానికి వాళ్ళు రాలేదో, వచ్చినా మేమే తలుపు తీయలేదో.

లోపం లేదని కాదు. హెర్న్‌లో కొన్ని కథలు మొదలవకముందే అయిపోతాయి, కొన్నింట్లో భయమే లేదు, చెట్టు కోసం ప్రాణమిచ్చిన ముసలాడి లాంటివి. జేమ్స్ బిగువు ఇందులో వెతక్కూడదు. కానీ దోమల మీద వ్యాసం ఒక్కటి చాలు కోనసీమ వాడికి. పక్క శ్మశానంలో నీటి తొట్లలోంచి వచ్చే దోమల్ని కిరసనాయిలు పోసి చంపమంటారు, వద్దులే, వచ్చే జన్మలో నేనూ ఇక్కడే దోమగా పుడితే బాగుండునంటాడు, తెలిసినవాళ్ళని వెళ్ళి కుట్టొచ్చని.

“అయితే హెర్నేనా?” అన్నాడు మా వాడు. హెర్నే. జేమ్స్ ఈల కథ ఒంటరిగా ఉన్నప్పుడు విడిగా చదువుకో, పో కథల్లో ‘అషర్’ వరకు చాలు అన్నాను.

కనుమ రాత్రి కరెంటు పోయింది. వాడు ‘ముజీనా’ అందుకున్నాడు. రెండు పేజీల కథ. ఇంగ్లీషు పక్కనపెట్టి, సొంతంగా మార్చి చెప్పాడు. కాలవగట్టు మీద ఏడుస్తున్న ఆడమనిషి, కొంగు తీస్తే కళ్ళూ ముక్కూ నోరూ లేవు. పరిగెత్తి పరిగెత్తి దీపం ఉన్న బజ్జీల బండి దగ్గరికి చేరి చెప్పబోతే, బజ్జీలవాడు మొహం తుడుచుకుంటూ, “ఇలాగా ఉంది?” అంటాడు, దీపం ఆరిపోతుంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మా అమ్మ మాత్రం చీకట్లో కాసేపు ఊరుకుని, “ఏరా, మొహమే లేకపోతే బొట్టెక్కడ పెట్టుకుంటుందిరా?” అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రి దొడ్లోకి వెళ్ళాల్సినవాళ్ళందరూ నన్ను లేపారు.