జిల్లా పేపరా, టీవీ చర్చా?

ఓటరుకు ఏది ఎక్కువ పనికొస్తుందంటే నా మొగ్గు జిల్లా పేపర్ వైపే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి పత్రికల్లో పడింది. చదివినవాళ్లు, చదివించుకుని విన్నవాళ్లు తమ ఊళ్లలోనూ దుకాణాల మీదికి వెళ్లారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్య నిషేధం ఎన్టీఆర్ ఇచ్చిన పెద్ద హామీ.

టీవీది వేగం. ఓట్ల లెక్కింపు రోజు దానికి సాటి లేదు. మిగతా రోజుల్లో నలుగురు పార్టీ ప్రతినిధులు ఒకేసారి అరుస్తుంటే, మన ఊరి మంచినీళ్ల ట్యాంకు సంగతి ఎవరడుగుతారు?

పేపర్లకూ పార్టీ రంగులున్నాయి, డబ్బు తీసుకుని వేసే చెల్లింపు వార్తలున్నాయి. కాకపోతే రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని ఒకే సభ వార్త నిదానంగా చదవొచ్చు: ఒకదాంట్లో జనసంద్రం, ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీలు.